సోమశిల నీటిపై పెద్ద పడవ



మెట్టసీమవారికి మోటారు పడవల ముచ్చట యేల యని మీలో కొందరు నవ్వవచ్చును. మన తాతల కాలమున ఆ నవ్వు తగియే యుండెడిది. వారు చూచిన పెద్ద నీరు ఆత్మకూరు చెరువు, అనంతసాగరము చెరువు. పెన్న పొంగినప్పుడు ఆవలి ఒడ్డు చేరుటకు పుట్టి యుండెను. అంతకు మించిన నావతో వారికి పని లేకుండెను.

సోమశిల వద్ద, వెలిగొండల సందున, పెన్నకు ఆనకట్ట కట్టిన పిమ్మట ఆ స్థితి మారినది. జలాశయము నిండినప్పుడు దానిలో నిలుచు నీరు 78 టి.ఎం.సి.లు. ఒక్క టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఈ నీరు కొండల వెనుకకు కడప జిల్లాలోనికి వ్యాపించి, అట్లూరు, గోపవరము, నందలూరు, ఒంటిమిట్ట మండలములలోని పెక్కు గ్రామములను తనలో కలుపుకొన్నది. చెరువు గట్టున నిలిచినవానికి ఆవలి గట్టు కనబడును. ఇచ్చట కొన్ని తావులలో ఆవలి ఒడ్డు పొగమంచువలె మాత్రమే తోచును.

ఇట్టి నీటిపై పుట్టితోను చిన్న ఫైబరు పడవతోను బ్రతుకు వెళ్లదీసినవారికి పెద్ద మోటారు పడవపై మనసు పోవుట సహజము. ఒక్కని వల్ల కాకున్న నలుగురు కలిసి చందా వేసికొందురు. సొమ్ము కూడిన చోట సంగతి మీవంటి పెద్దల యెదుటికి వచ్చును. అప్పుడు ధర యెంత, ఇంజను ఎన్ని గుర్రముల బలము అను రెండు ప్రశ్నలతోనే సాధారణముగా విచారణ ముగియును. అడుగవలసిన తక్కిన ప్రశ్నలను నేడు మనవి చేసెదను.

ముందుగా పెద్ద పడవ వలని మేలును ఒప్పుకొనవలెను. అలయొక్క బలము మూడింటిపై ఆధారపడి యుండును: గాలి వేగము, గాలి వీచిన కాలము, గాలి అడ్డులేక నీటిపై పరుగెత్తిన దూరము. చెరువులో మూడవది తక్కువ. కావున ఎంత గాలి వీచినను అల మోకాలెత్తునకు మించుట అరుదు. పెద్ద జలాశయములో గాలి మైళ్లకొలది పరుగెత్తును. కొండల సందున దూరినచో మరింత బలమును పొందును. అచ్చటి అలలు సముద్రపు అలలవలె దీర్ఘముగా నుండక, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట నొకటి వెన్నంటి వచ్చును. చిన్న పడవ ప్రతి అలను ఎక్కి దిగవలసినదే. దానికంటె పొడవైన పడవ ఒక అలపై నుండగనే రెండవ అలను అందుకొని నిలుకడగా సాగును.

ఇందులో ఒక చక్కని లెక్క కలదు. పడవ పొడవును, వెడల్పును, లోతును రెట్టింపు చేసినచో దాని బరువు ఎనిమిది రెట్లగును. గాలి దానిని ఒరగద్రోయు శక్తియు సుమారు ఎనిమిది రెట్లే. కాని ఒరిగిన పడవ తిరిగి నిలుచు శక్తి పదునారు రెట్లగును. కావున ఒకే రూపము గల రెండు పడవలలో పెద్దది నిజముగనే స్థిరమైనది.

మరి అపాయ మెచ్చట? ఆ స్థిరత్వమును మనమే హరింపగలము. పుట్టిలో లేచి నిలువరాదని పసివాడును ఎరుగును. పెద్ద పడవలో అందరును లేచి నిలుతురు; కప్పు ఉన్నచో కప్పు ఎక్కుదురు; ఒక ప్రక్క వింత కనబడిన అందరును ఆ ప్రక్కకే పోవుదురు. బండిపై గడ్డి ఎత్తుగా వేసినప్పుడు గాడిలో చక్రము దిగిన నేమగునో మీకు చెప్పనక్కరలేదు. పడవయు అంతియే. బరువు క్రిందనున్నచో నిలుచును, పైకి పోయిన కొలది ఒరుగును.

1915 జూలై 24వ తేదిన అమెరికాలోని చికాగో నగరమున ఈస్ట్‌లాండ్ అను ఓడ విహారమునకు సిద్ధమై రేవున కట్టియుండెను. రెండువేల ఐదువందలమందికి పైగా ఎక్కిరి. గాలి లేదు, అల లేదు. ఆ ఓడ రేవుననే ప్రక్కకు ఒరిగి పడిపోయినది. గట్టునకు కొన్ని అడుగుల దూరముననే 844 మంది ప్రాణములు పోయినవి. ఆ ఓడ మొదటినుండియు తలబరువుది. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట ప్రాణరక్షణకై ప్రతి ఓడలోను చిన్న పడవలు ఎక్కువగా నుంచవలెనను పట్టుదల బయలుదేరెను. ఈస్ట్‌లాండ్ పైభాగమునను అట్టివానిని చేర్చిరి. రక్షణకై చేర్చిన బరువే దానిని మరింత తలబరువు చేసినది.

అంత దూర మేల? మన రాష్ట్రముననే 2017 నవంబరు 12వ తేదిన కృష్ణానదిపై పవిత్ర సంగమము వద్ద పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదిన గోదావరి వరదపై నుండగా, పాపికొండలకు పోవుచున్న విహారనౌక కచ్చులూరు వద్ద మునిగి నలుబదిమందికి పైగా అసువులు బాసిరి. ఇవి పుట్టులు కావు, చిన్న తెప్పలు కావు.

కావున మీరు అడుగవలసిన మొదటి ప్రశ్న యిది: ఈ పడవలో ఎందరు ఎక్కవచ్చును? వారు ఎచ్చట కూర్చుండవలెను? నిండు బరువుతో నున్నప్పుడు పడవ అంచు నీటికి ఎంత యెత్తున నిలుచును? ఆ యెత్తే అలనుండి మనలను కాచు గోడ.

రెండవది పడవ అడుగు రూపము. బల్లపరుపు అడుగు గల పడవ తక్కువ నీటిలో నడచును, తక్కువ బలముతో వేగమందుకొనును. కాని అలలలో డప్పు కొట్టినట్లు అడుగు నీటికి బాదుకొని నడుములు విరుగగొట్టును. నాగటి కర్రువలె కోసుగా నున్న అడుగు అలను చీల్చుకొని సాగును. అయితే దానికి లోతైన నీరు, పెద్ద ఇంజను, ఎక్కువ పెట్రోలు కావలెను. ఒడ్డువెంట వలలు వేసికొనువానికి మొదటిది చాలును. నడినీటిని దాటవలసినవానికి రెండవది మేలు.

మూడవది నీటి క్రింది నేల. సోమశిల నీరు ఏడాది పొడుగునను ఒక్క మట్టమున నుండదు. కండలేరునకును కాలువలకును విడిచినకొలది మట్టము తగ్గును. మునిగిన ఊళ్ల మొండిగోడలు, చెట్ల మోళ్లు, రాతిగుట్టలు మాఘమాసమున పడవకు తగులకుండినను వైశాఖమున తగులును. చిన్న పడవ జానెడు నీటిలో జారిపోవును. పెద్ద పడవ ఇంజను పంకా రెండు మూడడుగుల లోతున తిరుగుచుండును. మునిగిన మోడు ఎచ్చట నున్నదో ఆ ఊరిలో పుట్టి పెరిగిన ముదుసలి చెప్పినట్లు ఏ పటమును చెప్పదు. కొత్త పడవ నడుపు యువకుడు మొదట అట్టివారిని వెంటబెట్టుకొని తిరుగవలెను.

నాలుగవది పెట్రోలు. పూర్తి వేగమున నడపినప్పుడు పది గుర్రముల బలము గల ఇంజను గంటకు సుమారు నాలుగు లీటర్లు త్రాగును. అరువది గుర్రములది ఇరువది లీటర్లకు మించును. మూడవ వంతు పోవుటకు, మూడవ వంతు వచ్చుటకు, మూడవ వంతు ఆపదకు అను నియమమును తప్పరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పడవ అడుగున దాగి నిప్పురవ్వకై కాచుకొని యుండును. ఇంజను పడవ లోపల నున్నచో మూతలు తెరచి గాలియాడనిచ్చిన పిమ్మటనే దానిని కదపవలెను. బీడీ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

ఐదవది నిలుపుట. పడవకు బ్రేకు లేదు. ఇంజనును వెనుకకు త్రిప్పి ఆపవలసినదే. బరువైన పడవ ఇంజను ఆగిన తరువాతను దూరము జారిపోవును. ఎత్తైన ప్రక్కలకు గాలి తగిలి ఒడ్డు చేరువేళ అడ్డము తిరుగును. గాలికి ఎదురుగా, నడకకంటె మెల్లగా రేవు చేరుటను జనము నెక్కించుకొనక మునుపే పలుమారు సాధన చేయవలెను.

ఇంతవరకు చెప్పినవి పడవ లక్షణములు. ఆరవది మనిషి లక్షణము. దానిని నా అనుభవము వలననే విన్నవించెదను.

నాకు మొదట పదునాలుగడుగుల చిన్న పడవ యుండెను. దానికి పది గుర్రముల ఇంజను. ఆ పడవతో నేనెన్నడును ఒడ్డునుండి కేకవేటు దాటలేదు. మబ్బు పట్టిన నాడు కదలనే లేదు. పిమ్మట ఇరువదినాలుగడుగుల పాత పడవ నొకదానిని కొంటిని. అరువది గుర్రముల బలము. ఒక వైశాఖ మధ్యాహ్నమున తమ్ముని కుమారుని వెంటబెట్టుకొని నడినీటికి పోతిని. వెలిగొండలపై మబ్బు నల్లబడుట చూచితిని. పెద్ద పడవ కదా, ఏమగునని తలచితిని. చిన్న పడవ యైనచో ఆపాటికే ఒడ్డున నుండెడివాడను.

గాలివాన విరుచుకొని పడినది. తొందరలో పడవ త్రిప్పగా ఒక వల పంకాకు చుట్టుకొని ఇంజను ఆగినది. పడవ అలలకు అడ్డము తిరిగినది. నీరు అమరమువైపునుండి లోనికి రాసాగెను. లంగరు వేయుమంటిని. వేసిన పిల్లవాడు తెల్లబోయి, "పెదనాన్నా, తాడు అయిపోయింది, నేల తగల్లేదు" అనెను. పడవ మారినను లంగరు మార్చలేదు. అది చిన్న పడవ లంగరు, నలుబదియడుగుల తాడు. ఉన్న కట్టుతాళ్లన్నియు ముడివేసి, బక్కెటకు కట్టి, అణియమునుండి, అనగా పడవ ముందు కొననుండి, నీటిలో విడిచితిమి. బక్కెట నీరు నింపుకొని వెనుకకు లాగుటచే పడవ ముఖము గాలివైపు తిరిగినది. లోని నీటిని గిన్నెతో తోడుచు కూర్చుంటిమి. అరగంటకు గాలి తగ్గినది. వలను కోసి పంకా విడిపించి యిల్లు చేరితిమి. ఆ వల ఒక పేదవానిది; మరునాడు దాని ఖరీదు ఇచ్చితిని. పిల్లవాని తల్లికి మాత్రము ఏమి చెప్పుటకును నోరు రాలేదు.

ఆనాడు నేను తెలిసికొన్నది యిది: పడవ పెద్దదైనప్పుడు నీరు చిన్నది కాదు, మనము ఒడ్డునుండి పోవు దూరము మాత్రము పెరుగును. చిన్న పడవ తన చిన్నతనముచేతనే మనలను కాచుచుండెను. పెద్ద పడవలో ఆ కాపలా పోవును. దాని స్థానమున మనము ఒక నియమమును నిలుపవలెను.

లంగరు తాడు నీటి లోతునకు ఐదు నుండి ఏడు రెట్లుండవలెను. లంగరును అణియముననే కట్టవలెను, అమరమున కట్టరాదు. పాత చిన్న ఇంజనును అమ్మివేయక పెద్ద పడవలో అదనముగా నుంచుకొనవలెను. ఇరువదినాలుగడుగుల పడవను తెడ్లతో గాలికి ఎదురుగా నడపుట ఎవరి తరమును కాదు. పదునైన కత్తి, నీరు తోడు పాత్ర, నిప్పు నార్పు పరికరము ఉండవలెను. లైఫ్ జాకెట్టు తలకొకటి చొప్పున ఉండుట చాలదు, ఒంటిపై నుండవలెను. బల్లక్రింద దాచిన జాకెట్టు మునుగువానికి అందదు.

చట్టమును పాటింపవలెను. 1917 నాటి పాత శాసనమునకు బదులుగా 2021లో లోతట్టు నౌకల చట్టము వచ్చినది. యంత్రముతో నడచు పడవకు తనిఖీ పత్రము, రిజిస్ట్రేషను, బీమా, నడుపువారికి యోగ్యతాపత్రము ఉండవలెనని దాని సారాంశము. వీని ఖర్చును పడవ ధరలోనే చేర్చి లెక్క చూడుడు. వరద కాలమున గేట్ల దరికి పోవుట యే పడవకును తగదు. 2021 నవంబరులో పెన్న వరద సోమశిల దిగువను చేసిన విధ్వంసము మీ కన్నులారా చూచినదే.

చివరి మాట. పడవ కొన్ననాడే, కొబ్బరికాయ కొట్టక మునుపే, ఒక సంగతి తేల్చుడు: "నేడు వద్దు" అను అధికార మెవరిది? అది పడవ నడుపువానిదై యుండవలెను. అతడు వద్దన్ననాడు పెండ్లివారైనను, చేపల బేరగాడైనను, అతనికి జీతమిచ్చు యజమానియైనను నోరు మెదపరాదు. కుర్రవాడు ఒంటరిగా ఆ మాట అనలేడు. వెనుక మీరు నిలిచినప్పుడే అనగలడు. ఆ ఒక్క మాటకు విలువ కట్టిన ఊరు పెద్ద పడవను కొనవచ్చును. కట్టలేని ఊరికి చిన్న పడవయే క్షేమము.

సెలవు.