మీకు తెలుసా? తరంగాల వేలానికి నోబెల్!

2020 ఆర్థికశాస్త్ర నోబెల్ కొత్త వేలం పద్ధతులు కనిపెట్టినవాళ్లకు దక్కింది. వాటిలో పేరు మోసిన వేలంలో అమ్మింది కంటికి కనిపించని రేడియో తరంగాలను!

గ్రహీతలు స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు పాల్ మిల్‌గ్రమ్, రాబర్ట్ విల్సన్. వీళ్ల పద్ధతి రాకముందు అమెరికాలో ఈ తరంగాలను వాడుకునే మొబైల్ లైసెన్సులకు లాటరీ తీసేవారు. లాటరీ తగిలినవాళ్లు చాలామంది లైసెన్సును ఇంకొకరికి అమ్మేసి లాభం జేబులో వేసుకునేవారు. ప్రజల ఆస్తి అలా పోవడం అన్యాయమే.

వీళ్ల పద్ధతిలో అన్ని ప్రాంతాల లైసెన్సులూ ఒకేసారి వేలానికి వస్తాయి. ప్రతి రౌండు తర్వాత ధరలు అందరికీ తెలుస్తాయి. ఒకచోట పాట మరీ పెరిగితే ఇంకోచోటికి మళ్లవచ్చు. ఎక్కడా కొత్త పాట రానప్పుడే అన్నిటినీ కలిపి ఖాయం చేస్తారు. 1994 జులైలో తొలిసారి వాడితే 47 రౌండ్లలో 10 లైసెన్సులకు 61.7 కోట్ల డాలర్లు వచ్చాయి.

2010లో మన దేశపు 3జీ మొబైల్ తరంగాల వేలమూ ఇలాగే రౌండ్లవారీగా నడిచింది: 34 రోజులు, 183 రౌండ్లు, దాదాపు 67,700 కోట్ల రూపాయలు.

తరంగాలకు ధర కట్టి అమ్మాలని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1959లోనే వాదించారు. ఆయనకూ 1991లో ఆర్థిక నోబెల్ వచ్చింది.