మిణుకుమనే ఎల్‌ఈడీ: తప్పు బల్బుదా, కరెంటుదా?

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాల వల్ల అక్కడి వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరికి ప్రాణం లాంటిది రైల్వే వర్క్‌షాపు. ఇంట్లో బల్బు మిణుకుమంటే చిరాకు పడి ఊరుకుంటాం. తిరిగే యంత్రాలున్న షెడ్డులో మాత్రం అది చెయ్యి తెగే వ్యవహారం.

మనకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక్కో ఆవృత్తిలో రెండుసార్లు సున్నాకు చేరుతుంది. కాబట్టి సరైన వడపోత లేని దీపం సెకనుకు 100 సార్లు మసకబారుతుంది. పాత ఫిలమెంటు బల్బులో తీగ అంత త్వరగా చల్లారదు గనుక వెలుగు పెద్దగా తగ్గేది కాదు. ఎల్‌ఈడీకి ఆ నెమ్మది లేదు. కరెంటు తగ్గిన మరుక్షణం వెలుగూ తగ్గుతుంది.

నాలుగు రెక్కల ఫ్యాను నిమిషానికి 1440 సార్లు తిరుగుతోందనుకుందాం. వెలుగు ఒక మెరుపు నుంచి మరో మెరుపుకు వచ్చేలోపు అది 86.4 డిగ్రీలు తిరుగుతుంది. రెక్కల మధ్య దూరం 90 డిగ్రీలు. దాంతో ఫ్యాను సెకనుకు ఒక చుట్టు చొప్పున వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది! అదే 1500 సార్లు తిరిగితే ఆగిపోయినట్టే ఉంటుంది. లేత్ మీది నాలుగు దవడల చక్‌కూ ఇదే లెక్క. అందుకే షెడ్డుల్లో పక్కపక్క దీపాలను మూడు ఫేజులకు పంచి కలుపుతారు. ఒకటి మసకబారే వేళకు మరొకటి వెలుగుతూ ఉంటుంది.

ఈ ఎగుడుదిగుడును సర్దేది బల్బు అడుగున ఉండే డ్రైవర్, అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దాని శత్రువు వేడి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. గాలాడని సీలింగ్ డోముల్లో బిగించిన బల్బులు త్వరగా మొరాయించడానికి ఇదే ప్రధాన కారణం. మన వేసవికి అలాంటి డోములు తగవనే చెప్పాలి.

తప్పు ఎక్కడుందో పట్టడం కష్టం కాదు. బల్బును మరో హోల్డర్‌లో పెట్టండి. అక్కడా మిణుకుమంటే లోపం డ్రైవర్‌దో, లోపలి ఎల్‌ఈడీదో. సెకనుకోసారి ఆరి వెలుగుతుంటే డ్రైవర్ మొదలవ్వలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందని అనుమానించవచ్చు. వేడెక్కాక ఆరి, చల్లారాక వెలిగితే వరుసలో ఒక ఎల్‌ఈడీ అతుకు ఊడి ఉండవచ్చు. స్విచ్ కట్టేసినా మసకగా మిణుకుమంటే, స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు కలిపారేమో చూడాలి. ఇండికేటర్ ఉన్న స్విచ్ అయినా అలా చేయగలదు.

మోటారు వేసినప్పుడల్లా ఇల్లంతా మిణుకుమంటే బల్బులు మార్చి లాభం లేదు. కొన్ని దీపాలు మసకబారి, మరికొన్ని మరీ ప్రకాశిస్తే న్యూట్రల్ వదులైనట్టు. మూడు ఫేజుల కనెక్షన్‌లో అది పూర్తిగా తెగితే 230 వోల్టుల సాకెట్‌లోకి దాదాపు 400 వోల్టులు రావచ్చు. మెయిన్ ఆపి వెంటనే లైన్‌మన్‌ను పిలవాలి.

కంటికి కనిపించని మిణుకును పట్టడానికి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో చాలు. లేదా ఆ వెలుగులో పెన్సిల్‌ను వేగంగా ఊపండి. మంచి దీపం కింద ఒకే మసక చార కనిపిస్తుంది, చెడ్డదాని కింద విడివిడిగా చాలా పెన్సిళ్ళు కనిపిస్తాయి. బల్బును మాత్రం విప్పవద్దు. ఆపేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలి ఉండవచ్చు.