దయ్యాల సినిమాకు పెట్టుబడి పెట్టిన విశ్వాసులు

"పాస్టర్ గారూ, హారర్ సినిమాలు చూడొచ్చా?" అని పోయిన నెల యూత్ మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. అప్పటికి తోచిన జవాబేదో చెప్పాను. ఇంటికొచ్చాక ఒక పాత సంగతి గుర్తొచ్చింది. సెమినరీలో చదివే రోజుల్లో మా అధ్యాపకులొకరు, బాప్టిస్టు విశ్వాసుల డబ్బుతో తీసిన దయ్యాల సినిమా ఒకటి ఉందని చెప్పి క్లాసంతా నవ్వించారు. ఇన్నేళ్లలో దాన్ని చూడలేదు. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో వెతికి పెట్టాడు. పాస్టరమ్మ ఐదు నిమిషాలు చూసి, "దీనికి భయపడేవాళ్లు కూడా ఉంటారా!" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సినిమా పేరు 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్'. తీసినవాడు ఎడ్ వుడ్. 1956లో హాలీవుడ్‌లో షూటింగ్ జరిగింది. వేరే లోకం నుంచి వచ్చినవాళ్లు కాలిఫోర్నియాలోని ఒక శ్మశానంలో చనిపోయినవాళ్లను లేపి మనుషుల మీదికి పంపడం కథ. కథ వింటే భయం వేయొచ్చు గాని, చూస్తే వేయదు. ఎవరైనా పక్కనుంచి వెళితే సమాధి రాళ్లు ఊగుతాయి. ఒకే సన్నివేశంలో కాసేపు పగలు, కాసేపు రాత్రి. విమానం కాక్‌పిట్ అని చూపించింది రెండు కుర్చీలు, వెనక ఒక తెర. పోలీసు అధికారి చేతిలోని రివాల్వరుతోనే గోక్కుంటాడు. ఎగిరే పళ్లాలకు కట్టిన దారాలు కనబడతాయి. (అవి అట్ట పళ్లాలని చాలామంది అంటారు గాని, నిజానికి పిల్లలు అతికించుకునే ప్లాస్టిక్ బొమ్మలు.) దారం కనబడ్డాక ఇంక భయమెక్కడిది? 1980లో మెడ్‌వెడ్ సోదరుల పుస్తకం దీనికి 'ఇంతవరకు వచ్చిన సినిమాల్లోకెల్లా అధ్వాన్నమైనది' అనే బిరుదిచ్చింది. ఆ బిరుదుతోనే అది లోకమంతా తెలిసింది.

మేమూ నవ్వాం. అయితే ఒక చోట నవ్వు ఆగింది. ఒక ముసలాయన ఇంట్లోంచి బయటికి వచ్చి, చెట్టు దగ్గర ఒక పువ్వు కోసి వాసన చూస్తాడు. మాట లేదు. ఆయన బేలా లుగోసీ. 1931లో డ్రాక్యులాగా లోకాన్ని భయపెట్టినవాడు. తర్వాత అవకాశాలు తగ్గాయి, మత్తుమందుకు బానిసయ్యాడు. 1955లో తనంతట తానే ఆసుపత్రిలో చేరి చికిత్స చేయించుకున్నాడు. 1956 ఆగస్టులో, 73 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంతకుముందు వేరే సినిమా కోసమని తీసి పెట్టుకున్న కొద్ది నిమిషాల ఫిల్మును వుడ్ దీంట్లో వాడుకున్నాడు. మిగతా సన్నివేశాల్లో ఆయన వేషం వేసింది వుడ్ భార్యకు తెలిసిన ఒక వైద్యుడు. పోలిక లేదు గనుక సినిమా అంతా నల్లని అంగీ ముఖానికి అడ్డం పెట్టుకునే నడుస్తాడు. దీనికి మాత్రం మా అబ్బాయి కూడా నవ్వలేదు.

ఇక డబ్బు సంగతి. పెట్టుబడి పెట్టినవారు బెవర్లీ హిల్స్‌లోని ఒక బాప్టిస్టు సంఘానికి చెందినవారు. వారిలో ముఖ్యుడు ఎడ్వర్డ్ రేనాల్డ్స్. ఈ సినిమా లాభాలతో ముందు ముందు భక్తి చిత్రాలు తీయాలని వారి ఆశ అని చెబుతారు. వారు పెట్టిన షరతులు రెండు బాగా ప్రసిద్ధం. మొదట సినిమాకు పెట్టిన పేరులో 'సమాధి దొంగలు' అనే మాట ఉండేది. అది అపవిత్రంగా ఉందని మార్పించారు. రెండోది, వుడ్, నటుల్లో కొందరు బాప్తిస్మం తీసుకోవాలి. తీసుకున్నారు. 1994లో వుడ్ జీవితం మీద వచ్చిన సినిమాలో ఆ ఘట్టాన్ని హాస్యంగా చూపించారు. రేనాల్డ్స్ కూడా ఇందులో గోతులు తవ్వేవాడిగా నటించాడు. లేచి వచ్చిన శవం అతణ్ణి చంపేస్తుంది.

పేరు మార్పించినందుకు నేను వారిని తప్పుపట్టను. దయ్యాల సినిమాకు డబ్బు పెట్టి పేరు దగ్గర పట్టింపు ఏమిటని నవ్వొస్తుంది, అంతే. బాప్తిస్మం సంగతి వేరు. నీళ్లలోకి దిగినవాడికి కావలసింది సినిమా. దింపినవారికి కావలసింది లెక్క. ఆ తర్వాత వుడ్ జీవితం అందరికీ తెలిసిందే. అవకాశాలు లేక అశ్లీల నవలలు రాసి పొట్ట పోసుకున్నాడు, తాగుడులో మునిగాడు. 1978 డిసెంబరులో అద్దె కట్టలేదని ఇంట్లోంచి వెళ్లగొడితే, కొద్ది రోజులకే ఒక స్నేహితుడి ఇంట్లో చనిపోయాడు. వయసు 54. ఇది చదివినప్పుడు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని సీమోను గుర్తొచ్చాడు. గారడీ చేసుకునేవాడు, నమ్మి బాప్తిస్మం పొందాడు, పొందాక డబ్బు పట్టుకొచ్చి వరాన్ని కొనబోయాడు. పేతురు గట్టిగా గద్దించాడు. కానీ గద్దించి ఊరుకోలేదు, మారుమనస్సు పొంది ప్రార్థన చేసుకోమని కూడా చెప్పాడు. బాప్తిస్మం పొందినవాడు దారి తప్పితే అది సంఘం చూసుకోవలసిన పని అని పేతురుకు తెలుసు.

బెవర్లీ హిల్స్ వాళ్లను అంటున్నాను గాని, మన సంఘాల్లో జరిగేదేమిటి? చర్చిలో పెళ్లి కావాలంటే బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి. శనివారం పెళ్లి, కార్డులు పంచేశారు, పెళ్లికొడుకుకు బాప్తిస్మం లేదు. శుక్రవారం రాత్రి ఇస్తాం. నేనూ ఇచ్చాను. ఒక్కటి కాదు గాని, ఒకటి మాత్రం మరిచిపోలేను. అమ్మాయి తండ్రి మా సంఘ పెద్ద. అబ్బాయిని మూడు ప్రశ్నలు అడిగాను, మూడింటికీ "అవునండి" అన్నాడు. మూడో "అవునండి" అంటూ ఫోన్ వైపు చూశాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అవతల వంటవాళ్లకు అడ్వాన్స్ ఇచ్చేశారు మరి.

పెళ్లి తర్వాత వాళ్లు వేరే ఊరు వెళ్లారు. ఇప్పుడు అమ్మాయి పిల్లతో పుట్టింట్లోనే ఉంటోంది. అబ్బాయి తాగుతున్నాడని పెద్దాయన చెప్పి బాధపడ్డారు. నేను అమ్మాయి కోసం ప్రార్థన చేశాను. అబ్బాయికి నీళ్లలో చెయ్యి పట్టుకుని బాప్తిస్మం ఇచ్చింది నేనే అన్న సంగతి ఆ రోజు నాకు తట్టనేలేదు.

సినిమా చూసిన రాత్రి బాప్తిస్మం రిజిస్టరు తీశాను. పేరు ఉంది, నా సంతకం ఉంది, పక్కన ఫోన్ నంబరు కూడా ఉంది. మర్నాడు పొద్దున చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేస్తే, "ఎవరండీ?" అన్నాడు. పేరు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా మామగారు చేయమన్నారా?" అన్నాడు.

లేదని చెప్పాను. వచ్చే మంగళవారం వాళ్ల ఊరు వెళ్తున్నాను.