జీడీ గదిలో మన 90 సెకన్లు

10 మంది అభ్యర్థులు, 15 నిమిషాలు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 90 సెకన్లు. గ్రూప్ డిస్కషన్ లెక్క ఇంతే. నా మొదటి జీడీలో ఆ 90 సెకన్లలో ఒక్కటి కూడా నేను వాడుకోలేదు. కాగితం మీద ఐదు పాయింట్లు రాసుకుని, ఎవరైనా ఆగితే మాట్లాడదామని కూర్చున్నాను. ఎవరూ ఆగలేదు. రాత పరీక్ష నెగ్గి తెచ్చుకున్న అవకాశం అక్కడే పోయింది.

ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తూ, సెలవుల్లో ఎస్సీ హాస్టల్ పిల్లలతో మాక్ జీడీలు చేయిస్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ నాలాంటివాళ్లు ముగ్గురు నలుగురు కనిపిస్తారు. వాళ్లకు విషయం తెలియక కాదు. రచ్చబండ దగ్గర ఎవరు కూర్చుంటారో, ఎవరు నిలబడతారో, ఎవరు అడిగితేనే నోరు విప్పాలో చూస్తూ పెరిగారు. జీడీ కోరేది సరిగ్గా దానికి ఎదురు: ఎవరూ పిలవకపోయినా మాటలోకి రావాలి. కోచింగ్ సెంటర్లు దీన్ని 'కమ్యూనికేషన్ స్కిల్స్ లేకపోవడం' అంటాయి. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

చాలా ఐఐఎంలు జీడీని పక్కన పెట్టి చిన్న వ్యాస పరీక్షకు మారాయి. కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో అది వడపోతగా ఇంకా ఉంది. సైనికాధికారుల ఎంపికకు ఐదు రోజులు జరిగే ఎస్ఎస్‌బీలోనూ ఉంది. ఇండియన్ ఆయిల్ గేట్ స్కోరుతో ఇంజనీర్లను తీసుకున్నప్పుడు గేట్‌కు 85, ఇంటర్వ్యూకు 10, జీడీ, గ్రూప్ టాస్క్‌లకు కలిపి 5 శాతం వెయిటేజీ ఇచ్చింది. ఆ ఐదు శాతం దగ్గర లిస్టు తారుమారైతే పోయేది ఉద్యోగమే.

పక్కన కూర్చున్న పరిశీలకులు ఏ పక్షం గెలిచిందని చూడరు. ఇది డిబేట్ కాదు. ఎవరు చర్చలోకి వచ్చారు, కొత్త విషయం తెచ్చారా, ఎదుటివాళ్ల మాట విన్నారా, దారి తప్పిన చర్చను వెనక్కి తెచ్చారా అని చూస్తారు. అందుకే 90 సెకన్లు ఒకేసారి ఖర్చు పెట్టకండి. 20, 30 సెకన్ల చొప్పున మూడు నాలుగుసార్లు మాట్లాడండి. మొదటిసారి మొదటి మూడు నిమిషాల్లోనే కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ గొంతు బిగుసుకుపోతుంది, ఇది నా అనుభవం.

ఎలా దూరాలి? ఖాళీ కోసం చూడొద్దు, ఖాళీ రాదు. మాట్లాడుతున్నవాళ్లు వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట, వాళ్ల మాటనే పట్టుకుని మొదలుపెట్టండి: "మీరు ఫీజుల గురించి అన్నారు, దానికి ఒకటి కలుపుతాను." మీ మాట మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే ఆగిపోకుండా, గొంతు పెంచకుండా, "ఒక్క వాక్యంలో ముగిస్తాను" అని నిజంగానే ముగించండి. చేపల మార్కెట్‌లా అందరూ ఒకేసారి అరుస్తున్నప్పుడు, మాట్లాడని వ్యక్తి వైపు తిరిగి "మీరేమంటారు?" అని అడగండి. అది మంచి మార్కు తెస్తుంది. పైగా ఆ మూగనోము పట్టినవారు మనవాళ్లే కావచ్చు.

ఇదంతా మనకు పూర్తిగా కొత్తదీ కాదు. నాట్ల కాలంలో కూలి రేటు మాట్లాడేటప్పుడు మా అమ్మ వాళ్ల ముఠా ఎలా మాట్లాడేదో నాకు గుర్తుంది. ఒకరు రేటు చెబితే, ఇంకొకరు పక్క ఊరి రేటు చెప్పేవారు, మూడో ఆమె నీళ్లు మళ్లే రోజు గుర్తుచేసేది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రేటు మాత్రం పెరిగేది. మా పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఇంగ్లీషు గురించి ఎక్కువ బెంగ వద్దు. యాస కన్నా, చిన్న వాక్యాల్లో స్పష్టంగా చెప్పడం ముఖ్యం.

అసలు గండం వేరే. 'రిజర్వేషన్లు ఇంకా అవసరమా' అనే టాపిక్ వస్తే గది మారిపోతుంది. మనం మౌనంగా ఉంటాం, లేదా మండిపడతాం. రెండూ సహజమే, రెండింటికీ మార్కులు పడవు. మీ కేటగిరీ చెప్పాల్సిన పని లేదు, దాచుకోవాల్సిన పనీ లేదు. చేతిలో సమాచారం ఉంచుకోండి. "అంబేడ్కరే పదేళ్లన్నారు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ పదేళ్ల గడువు 334వ అధికరణది. అది లోక్‌సభ, శాసనసభ సీట్లకే. ఎస్సీ, ఎస్టీ సీట్లకు 104వ సవరణ దాన్ని 2030 జనవరి దాకా పొడిగించింది. చదువుకు సంబంధించిన 15(4), ఉద్యోగాలకు సంబంధించిన 16(4)లలో గడువే లేదు. ఇది 20 సెకన్ల మాట. "ఆర్థిక ప్రాతిపదికన ఇవ్వాలి" అంటే, 2019లో 103వ సవరణతో 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా వచ్చిందనీ, అందులో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలకు చోటు లేదనీ, 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 తేడాతో దాన్ని సమర్థించిందనీ చెప్పండి. తర్వాత ఆగి, వినండి.

ఇన్ని చేసినా మార్కులు వేసేది మనుషులే. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిభే చూస్తామన్న ప్రైవేటు కంపెనీల నియామక అధికారులే అభ్యర్థుల కుటుంబ నేపథ్యానికి ఎంత విలువిస్తారో బయటపెట్టారు. రాత పరీక్షకైతే జవాబు పత్రం ఉంటుంది. జీడీకి అదీ ఉండదు, రీవాల్యుయేషన్ అడగడానికి మన చేతిలో ఏమీ మిగలదు. ప్రభుత్వ రంగ సంస్థలైనా చర్చను రికార్డు చేసి, మార్కులు విడివిడిగా చూపించాలని, పరిశీలకుల్లో ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఉండాలని మన విద్యార్థి సంఘాలు గట్టిగా అడగాల్సి ఉంది.

హాస్టల్లో మా పద్ధతి చెబుతాను. ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో ఒక ఫోన్ రికార్డు చేస్తుంది. ఇద్దరు పరిశీలకులుగా కూర్చుని, ఎవరు ఎన్ని సెకన్లు మాట్లాడారో రాస్తారు. మొదటి వారం 15 నిమిషాల్లో 11 సెకన్లు మాట్లాడిన డిగ్రీ అమ్మాయి, నాలుగో వారంలో నా మాటకే అడ్డం వచ్చి, "అన్నా, ఒక్క వాక్యంలో ముగిస్తాను" అంది.