రాజకీయం ఎప్పుడు చెడింది?

"రాజకీయాలు చెడిపోయాయమ్మా!" ఈ మాట ఎక్కడైనా వినిపిస్తుంది. బోరింగు దగ్గర వినిపిస్తుంది. బస్సులో వినిపిస్తుంది. రచ్చబండ మీద సరేసరి.

ఆ మాట అన్నవాళ్లను ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "ఎప్పటి నుంచి చెడిపోయాయి?" ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఆ జవాబుల వెనుక మన దేశం కథ ఉంది. ఆ కథ తెలుసుకుందాం.

పార్టీలు మారినప్పటి నుంచి

కొందరు 1967 నుంచి అంటారు. ఆ ఏడాది ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెసు పార్టీకి మెజారిటీ రాలేదు. దాంతో ఎమ్మెల్యేల కోసం బేరాలు మొదలయ్యాయి. హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారాడు. అప్పుడే 'ఆయారాం, గయారాం' అనే మాట పుట్టింది. రాముడు వచ్చాడు, రాముడు పోయాడు అని దాని అర్థం.

మనం ఓటు వేసింది ఒక పార్టీకి. గెలిచినవాడు చేరింది ఇంకో పార్టీలో. మరి మన ఓటు ఏమైనట్టు? ఈ ఫిరాయింపులను ఆపడానికి 1985లో చట్టం చేశారు. పార్టీ మారితే పదవి పోతుందని అందులో రాశారు. 2003లో ఆ చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా ఫిరాయింపులు పూర్తిగా ఆగలేదు.

ఎమర్జెన్సీ నుంచి

ఇంకొందరు 1975 నుంచి అంటారు. ఆ ఏడాది జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. అప్పుడు ఇందిరాగాంధీ ప్రధానమంత్రి. ప్రతిపక్ష నాయకులను జైల్లో వేశారు. పత్రికలు ఏం రాయాలన్నా ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఉత్తరాదిన చాలా ఊళ్లలో బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. 21 నెలలు ఇలా నడిచింది.

1977లో ఎన్నికలు వచ్చాయి. జనం నోటితో చెప్పలేనిది ఓటుతో చెప్పారు. ఇందిరాగాంధీయే ఓడిపోయింది.

అయితే ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 ఎంపీ సీట్లు. అందులో 41 కాంగ్రెసే గెలిచింది! దేశం ఒకటే, ఎన్నిక ఒకటే. కానీ ఉత్తరాది జనం ఒకలా అనుకున్నారు, మన జనం మరోలా అనుకున్నారు. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్లకే నొప్పి తెలుస్తుంది.

1984 నుంచి

తెలుగువాళ్లలో చాలామంది 1984 మాట ఎత్తుతారు. ఆ ఏడాది ఆగస్టు 16న గవర్నరు ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావును పదవి నుంచి దించేశాడు. నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశాడు. రామారావు తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకుపోయి రాష్ట్రపతికి చూపించాడు. ఊరూరా జనం రోడ్ల మీదికి వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు.

ఈ సంగతి చెబుతూ కొందరు "చెడింది అప్పుడే" అంటారు. "జనం సరిచేసింది కూడా అప్పుడే కదా!" అని కొందరు అంటారు. రెండూ నిజమే.

సారా, డబ్బు వచ్చినప్పటి నుంచి

ఆడవాళ్ల జవాబు తరచూ ఇదే. "ఎన్నికల్లో సారా ప్యాకెట్లు, నోట్లు పంచినప్పటి నుంచి చెడింది" అంటారు. దీనికి తేదీ చెప్పడం కష్టం. కానీ దీన్ని ఎదిరించింది ఎవరో మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, మాట్లాడుకుంటూ వాళ్లు ఆ నిర్ణయానికి వచ్చారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో సారాను నిషేధించారు. 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో ఆ మద్య నిషేధాన్ని ఎత్తేశారు.

మరి పాతకాలం అంతా మంచిదేనా?

"పూర్వం బాగుండేది" అనే ముందు ఒక సంగతి వినండి. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇంటింటికీ వెళ్లారు. చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా అబ్బాయి తల్లిని" అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేదని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను జాబితాలోంచి తీసేశారు. వీళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు.

పూర్వం బాగుండేదని వాళ్లను అడిగితే ఏమంటారు?

ఆడవాళ్లకు మంచి రోజులు కొన్ని తర్వాతే వచ్చాయి. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది. వార్డు మెంబర్లు, సర్పంచులు అయ్యారు.

చెడిందంటే సరిపోతుందా?

"అంతా చెడిపోయింది" అనుకుంటే ఒక నష్టం ఉంది. "ఎవరొచ్చినా ఇంతే, ఇచ్చిన డబ్బు తీసుకుందాం" అనిపిస్తుంది. ఓటు కొనేవాడికి కావలసింది కూడా అదే. ఓటుకు నోటు ఇవ్వడం నేరం, పుచ్చుకోవడమూ నేరమే. ఏడాది వరకు జైలు పడవచ్చు.

మన చేతిలో కొన్ని పనిముట్లు ఉన్నాయి. పోటీ చేసేవాళ్లు తమ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలు రాసి ఇవ్వాలి. సుప్రీంకోర్టు తీర్పుతో 2003 నుంచి ఈ నియమం ఉంది. ఆ కాగితం ఎవరైనా చదవవచ్చు. ఎవరూ నచ్చకపోతే 'నోటా' మీట నొక్కవచ్చు. అది 2013లో వచ్చింది. జాబితాలో పేరు లేకపోతే 1950 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

బావి నీళ్లు ఎప్పుడు చెడ్డాయో తెలుసుకోవాలి. తెలిస్తేనే ఎక్కడ పూడిక తీయాలో తెలుస్తుంది. అంతేగాని బావి వదిలేసి పోలేం కదా!

మాట్లాడుకోండి

1. రాజకీయం ఎప్పుడు చెడిందని మీ అత్తగారు అంటారు? మీ కూతురు ఏమంటుంది? ఇద్దరి మాటా ఎందుకు కలవదు?
2. ఓటర్ల జాబితాలో మీ పేరు సరిగా ఉందా? స్వయంగా చదివి చూశారా?