జొన్నచేను నుంచి మైకు దాకా
మాచునూర్ మహిళల రేడియో కథ

జహీరాబాద్: పొద్దు గూకింది. చేలకు పోయిన ఆడవాళ్లు ఇళ్లకు చేరారు. పొయ్యి అంటించి, జొన్నపిండి పిసికి, రొట్టెలు చేసే వేళ. ఆ వేళకే, 2008 నుంచి ఇక్కడి ఊళ్లలో ఒక రేడియో పలకడం మొదలైంది. రాత్రి 7 గంటల నుంచి 9 గంటల వరకు ప్రసారం. ఆ రేడియోలో మాట్లాడే గొంతు పట్నం గొంతు కాదు. పొద్దున కలుపు తీసిన మనిషి గొంతు, పక్కూరి అక్క గొంతు. ఎవరి చేలో ఏ విత్తనం బాగా పండిందో ఆమే చెబుతుంది. ఎవరింటి పెళ్లిలో పాడిన పాటో ఆమే వినిపిస్తుంది.

అదే సంఘం రేడియో. సంగారెడ్డి జిల్లా, ఝరాసంగం మండలంలోని మాచునూర్ గ్రామంలో ఈ కేంద్రం వెలసింది. దేశంలో విద్యాసంస్థల ఆవరణ దాటి, పల్లె ప్రజల చేతుల మీదుగా నడిచిన మొదటి కమ్యూనిటీ రేడియోగా దీనికి పేరు వచ్చింది. నడిపించినవారు దళిత మహిళలు. వీరిలో కొందరికి పలకా బలపం పట్టే యోగం చిన్ననాడు దక్కలేదు. కూలికి పోయిన చేతులు మైకు పట్టుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది, దారిలో ఏ తలుపులు మూసి ఉన్నాయి అన్నది తెలుసుకోదగిన కథ.

మెట్ట పొలాల నడుమ

జహీరాబాద్ ప్రాంతం కర్ణాటక సరిహద్దున ఉంది. ఇక్కడి పల్లెల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసి వినబడతాయి. చాలా చోట్ల ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి. వాన పడితేనే పంట. ఒకే చేలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, సామ, పెసర, అనుము, గోగు కలిపి చల్లడం పాత పద్ధతి. ఒకటి పోయినా మరొకటి చేతికి వస్తుందన్న ధీమా. వాన లేకపోయినా మంచుకే పండే అవిసె, కుసుమ, శనగ వంటి వాటిని ఈ ఊళ్లలో ‘సత్యం పంటలు’ అంటారు.

పెద్ద కులాల చేతుల్లో మంచి భూములు ఉండగా, దళిత కుటుంబాలకు దక్కినవి ఎక్కువగా రాళ్లూ రప్పలూ ఉన్న చెలకలు. ఆ ఇళ్లలో ఆడపిల్లకు బడి కంటే ముందు మేకలు కాయడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, తల్లి వెంట కైకిలికి పోవడం వచ్చేవి.

1983లో ఈ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పని మొదలుపెట్టింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ దానికి కేంద్రం. ఊరూరా పేద మహిళలు సంఘాలుగా కూడి పడావు పడ్డ చెలకలను బాగు చేసుకున్నారు. విత్తనాలు దాచుకున్నారు. పనికి పోయే పిల్లల కోసం మాచునూర్‌లో ‘పచ్చసాల’ అనే బడి వచ్చింది. పలకతో పాటు సేద్యం, కుట్టు, కుండల పని వంటి చేతిపనులూ నేర్పడం ఆ బడి ప్రత్యేకత.

సంస్థను స్థాపించినవారిలో ఒకరైన పి.వి. సతీష్ మైసూరు మనిషి. అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించిన ‘సైట్’ ప్రయోగంలో పనిచేసిన అనుభవం ఆయనది. పల్లెవారి కోసం పట్నంవారు తీసే బొమ్మలకు, పల్లెవారే తీసుకునే బొమ్మలకు తేడా ఉంటుందని నమ్మి, కెమెరాను సంఘం మహిళల చేతికే ఇచ్చారు.

పటేల్ చూపు, సంఘం చూపు

1990ల చివరి సంవత్సరాల్లో కొందరు మహిళలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఇంగ్లీషు అక్షరాలు రాని చేతులకు మీటల గుర్తులు చూపి, పని మీద పని చేయించి నేర్పారు. 2001లో వీరి కోసం కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది.

కెమెరా భాషను వారు తమ బతుకు భాషలోకి మార్చుకున్న తీరు దేశమంతటా చెప్పుకోదగ్గది. పై నుంచి కిందికి చూస్తూ తీసే బొమ్మకు వారు పెట్టిన పేరు ‘పటేల్ షాట్’. పటేల్ ఎత్తు మీద కూర్చుని కూలివాళ్లను అలాగే చూసేవాడు మరి. కింది నుంచి తలెత్తి చూసినట్లు తీసేది బానిస చూపు. మనిషి కంటికి సమంగా కెమెరా నిలిపి తీసేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక ఆ పేరు. ఎవరితో మాట్లాడినా సంఘం షాటే తీయాలన్నది వీరి పద్ధతి. సినిమా కాలేజీల్లో నేర్పే పాఠాన్ని కూలి తల్లులు మూడు మాటల్లో తేల్చేశారు.

ఆ కెమెరాతో వారు తమ ఊళ్లకే పరిమితం కాలేదు. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. ఆ తర్వాతి పంటకాలంలో వరంగల్ రైతుల చేలకు వెళ్లి, వారి మాటలను చిత్రించారు. 2003లో వచ్చిన ఆ చిత్రం విదేశాల్లో కూడా ప్రదర్శితమైంది. బీటీ పత్తి మీద వాదోపవాదాలు నేటికీ తెగలేదు. అయితే రైతు గోడును మరో రైతు వెళ్లి అడిగి రికార్డు చేయడం మాత్రం అప్పటికి కొత్త.

పదేళ్లు పలకని రేడియో

కెమెరా కంటే రేడియో దారి కష్టమైంది. కెమెరాకు అనుమతి అక్కరలేదు, రేడియోకు కావాలి. అప్పట్లో అమలులో ఉన్న 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం గాలిలో ధ్వనిని పంపే హక్కు ప్రభుత్వానిదిగానే ఉండేది. పంచాయతీ ఆఫీసులో రేడియో పెట్టి మైకులో వినిపించిన రోజుల నుంచీ పల్లెవారికి రేడియో అంటే వినేదే గాని మాట్లాడేది కాదు.

యునెస్కో సాయంతో 1990ల చివరిలోనే మాచునూర్‌లో రేడియో కేంద్రం సిద్ధమైంది. భవనం ఉంది, రికార్డింగు పరికరాలు ఉన్నాయి, పనిచేసే మనుషులు ఉన్నారు. అనుమతి ఒక్కటే లేదు.

ఈ కేంద్రాన్ని మోసిన వారిలో ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు అల్గోల్ నర్సమ్మ, మరొకరు ‘జనరల్’ నర్సమ్మ. ఇద్దరూ ఈ ప్రాంతపు దళిత కుటుంబాల ఆడపిల్లలే. పెద్ద కాలేజీ చదువులు లేవు. పత్రికా రచనలో డిప్లొమా లేదు. టేపు రికార్డరు చంకన వేసుకుని ఊరూరా తిరిగి మాటలూ పాటలూ పోగు చేయడమే వారి శిక్షణ.

అనుమతి వచ్చేవరకు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు తయారు చేసి క్యాసెట్ల మీద ఎక్కించారు. ఆ క్యాసెట్లు సంఘాలకు చేరాయి. సంఘం కూడిన రాత్రి టేపు పెట్టి అందరూ విన్నారు, విన్నదాని మీద మాట్లాడుకున్నారు. గాలిలో పోవలసిన మాట ఇలా చేతిసంచిలో ప్రయాణం చేసింది. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, దాదాపు పదేళ్లు!

క్రికెట్ కేసుతో పల్లెకు మేలు

ఈ తలుపు తెరుచుకోవడానికి మొదటి తాళం చెవి ఒక క్రికెట్ వివాదంలో దొరకడం విశేషం. ఆటల టెలివిజన్ ప్రసార హక్కు ఎవరిదన్న తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వెలువడింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రజల మేలు కోసం వాటిని వినియోగించాలని ఆ తీర్పు సారాంశం. తీర్పు చెప్పిన ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు.

తీర్పు వచ్చినా పల్లెకు ఫలం వెంటనే అందలేదు. ముందుగా నగరాల్లో ఎఫ్.ఎం. కేంద్రాలకు వేలంపాటలు జరిగాయి. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది. డబ్బున్నవారి పాటలు గాలిలోకి ఎక్కాయి. మాచునూర్ క్యాసెట్లు సంచుల్లోనే ఉన్నాయి. 2000 జూలైలో దేశంలోని కమ్యూనిటీ రేడియో అభిమానులు పస్తాపూర్‌లో కూడి, పల్లెలకూ ఈ హక్కు ఇవ్వాలని కోరారు. 2002 డిసెంబరులో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అవకాశం ఇచ్చింది. 2004 ఫిబ్రవరిలో మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయం తొలి కేంద్రం ప్రారంభించింది. స్వచ్ఛంద సంస్థలు కూడా అర్హులేనని తేల్చేసరికి 2006 నవంబరు వచ్చింది.

చివరకు 2008 అక్టోబరు 15న మాచునూర్ రేడియో గొంతు విప్పింది. ప్రారంభించడానికి వచ్చినవారు మరెవరో కాదు, ఆనాటి తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే. తీర్పు రాసిన చేతికీ, తీర్పు కోసం వేచిన చేతులకూ ఆ రోజు కలయిక జరిగింది. అది అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం కూడా కావడం మరో విశేషం.

ఇంటి మాటే వార్త

ఈ రేడియో భాష పుస్తకాల భాష కాదు. ఇంట్లో మాట్లాడే యాసలోనే ప్రసారం. విత్తనాలకు వేపాకు, బూడిద కలిపి బుట్టలో పోసి, పైన మట్టితో మెత్తడం ఎలాగో ముసలమ్మ చెబుతుంది. ఏ కార్తెలో ఏది వేయాలో, పశువుకు జబ్బు చేస్తే పాతకాలం వాళ్లు ఏ ఆకు వాడారో, బాలింతకు ఏ గంజి పెట్టారో వినిపిస్తారు. నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు, పండగ పాటలు సరేసరి. సంక్రాంతి నాడు మొదలై ఊరూరా ఎడ్లబండ్ల మీద తిరిగే పాత పంటల జాతర కూడా ఈ రేడియోకు పెద్ద పండగే.

రాతకు ఎక్కని ఈ జ్ఞానం అంతకుముందు ఒక్క మనిషితోనే పుట్టి ఆ మనిషితోనే మట్టిలో కలిసేది. ఒక కొర్ర రకం పోతే ఆ విత్తనం మళ్లీ దొరకదు. దాన్ని ఎలా పండించాలో తెలిసిన అవ్వ పోతే ఆ మాటా దొరకదు. విత్తనాల బ్యాంకు గింజలను కాపాడితే, రేడియో ఆ గింజల వెనుక మాటను కాపాడింది.

ఊరు విడవని ఉద్యోగం

పల్లెలో పుట్టిన పిల్ల పత్రికలోనో రేడియోలోనో పని చేయాలంటే హైదరాబాద్ బస్సు ఎక్కాలన్నది చాలా మంది తల్లిదండ్రుల అభిప్రాయం. యాస మార్చుకోవాలి, ఊరు మరిచిపోవాలి అన్న భయమూ ఉంది. మాచునూర్ మహిళలు ఊరిని విడవకుండానే ఆ పనిలో ప్రవేశించారు. పట్నంలో కొరతగా కనిపించే యాసే ఇక్కడ అర్హత అయింది.

దీన్ని చూసి అంతా వెన్నెలే అనుకోరాదు. కమ్యూనిటీ రేడియోలో పెద్ద జీతాలు ఉండవు. ఈ మీడియా పనిలో దిగిన మహిళల్లో చాలామంది సేద్యాన్ని వదలలేదు. రాత్రిపూట ఇల్లు దాటి వెళ్లే ఆడదాన్ని ఊరు వేసే ప్రశ్నలు ఎవరికీ తెలియనివి కావు. సొంతంగా వార్తలు ప్రసారం చేసే హక్కు కమ్యూనిటీ రేడియోలకు నిబంధనలు ఇవ్వలేదు. ఊళ్లో జరిగిన అన్యాయాన్ని వార్తగా చెప్పలేని రేడియో సగం గొంతుతోనే పలికినట్లన్న విమర్శ ఉంది. ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోను ఉంది. అందులో వచ్చే పాటలతో పోటీ పడడం చిన్న రేడియోకు సులువు కాదు.

మన ఊరికీ రావాలంటే

కమ్యూనిటీ రేడియో ఒక వ్యక్తికి సొంతంగా ఇచ్చేది కాదు. లాభాపేక్ష లేని సంస్థలు, విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు దరఖాస్తు చేసుకోవచ్చు. అనుమతి ఇచ్చేది కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా, స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. ప్రసార శక్తి స్వల్పం కనుక ఆ గొంతు చుట్టుపక్కల ఊళ్లకే చేరుతుంది. అదే దాని బలం కూడా. మాట్లాడిన మనిషి మరునాడు సంతలో ఎదురైతే అడగవచ్చు, తప్పయితే దిద్దవచ్చు.

అన్నిటికీ మించి కావలసింది మనుషులు. యంత్రం రెండు నెలల్లో వస్తుంది, దాని ముందు కూర్చుని రోజూ చెప్పడానికి ఊళ్లో సరుకు ఉండాలి. మాచునూర్‌లో యంత్రానికి పదేళ్ల ముందే ఆ సరుకు ఉన్నది.

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది. పి.వి. సతీష్ 2023 మార్చి 19న కన్నుమూశారు. కెమెరా, మైకు పల్లె ఆడవాళ్లకు ఎందుకని నవ్వినవారికి ఆయన మాటలతో జవాబు చెప్పడం కంటే ఆ పరికరాలను వారి చేతుల్లో పెట్టడమే మేలనుకున్నారు.

ఈ జిల్లా పల్లెల్లో బాగా మాట్లాడే ఆడపిల్లను ‘నోరు పెద్దది’ అని కసరడం రివాజు. ఆ నోటితోనే ఒక రేడియో నడిచింది. ఈసారి అలా కసరబోయే ముందు తల్లిదండ్రులు మాచునూర్‌ను ఒకసారి తలచుకుంటే చాలు.