పరుగుకు పనికొచ్చే సాక్స్

స్పోర్ట్స్ డే ప్రాక్టీస్ మొదలైన వారం పది రోజులకు గ్రౌండ్ పక్కన కూర్చుండిపోయే పిల్లలు ఎక్కువవుతారు. "కాలు నొప్పి సార్" అంటారు. షూ విప్పించి చూస్తే చాలాసార్లు కనిపించేది మడమ వెనకో, బొటనవేలి పక్కనో రూపాయి బిళ్ళంత నీటి బొబ్బ. కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 800 మీటర్ల కోసం నెల రోజులు కష్టపడి, తీరా హీట్స్ రోజున సగంలో ఆగిపోయింది. ఆ పోటీ కోసమే ఇంట్లో ఖరీదైన కొత్త షూ కొనిపెట్టారు. లోపల ఉన్నవి మాత్రం ఎలాస్టిక్ సాగిపోయి మడమ కిందికి జారిన పాత సాక్సులు. ఆ పాప ఏడ్చింది నొప్పికి కాదు.

బొబ్బ అంటే పైపైన చర్మం ఒరుసుకుపోవడమే అనుకుంటాం. అసలు సంగతి కొంచెం లోపల జరుగుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ పాదంలోని ఎముక ముందుకు కదులుతుంది. చర్మం మాత్రం సాక్స్‌ను పట్టుకుని వెనకే ఉండిపోతుంది. మధ్యలో నలిగిన చర్మపు పొరలు విడిపోయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. చెమటతో తడిసిన చర్మం సాక్స్‌కు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి, పాదాన్ని వీలైనంత పొడిగా ఉంచడమే సాక్స్ చేయాల్సిన మొదటి పని.

ఇక్కడే మనలో చాలామంది పొరబడతాం. "కాటన్ అయితే చెమట పీల్చుకుంటుంది, పిల్లలకు మంచిది" అంటారు అమ్మమ్మలు, నాయనమ్మలు. చొక్కా విషయంలో ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. షూ లోపల గాలి ఆడదు. కాటన్ చెమటను పీల్చుకుంటుంది గానీ వదిలిపెట్టదు. తడిసి బరువెక్కి, ముడతలు పడి, అక్కడే ఒరుసుకుంటుంది. మామూలు వాతావరణంలోనే కాటన్ నూలు తన బరువులో 7, 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్‌లో అది అర శాతం కూడా ఉండదు. అందుకే పరుగు కోసం చేసే సాక్సుల్లో పాలిస్టర్, నైలాన్ ఎక్కువగా ఉంటాయి. కొంచెం స్పాండెక్స్ కలపడం వల్ల పాదానికి అంటిపెట్టుకుని ఉంటాయి. ప్యాకెట్ వెనక ఈ శాతాలు చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి, చదవండి. కాటన్ పేరు మొదట ఉంటే అవి నడకకు, తరగతి గదికి సరిపోతాయి. మెరినో ఉన్ని కూడా మంచిదే కానీ పిల్లలకు అంత ఖరీదు అనవసరం.

బట్ట ఎంత మంచిదైనా సైజు కుదరకపోతే ఉపయోగం లేదు. "ఫ్రీ సైజ్" అని రాసిన జత నాలుగో తరగతి బాబుకీ, వాళ్ళ నాన్నకీ ఒకేలా సరిపోవడం సాధ్యమా? సాక్స్‌లో మడమ కోసం వదిలిన గుంట సరిగ్గా మడమ మీదే కూర్చోవాలి. చీలమండ దాకా ఎక్కిందంటే సాక్స్ పెద్దది. వేళ్ళను వెనక్కి లాగుతుంటే చిన్నది. పిల్లల పాదం ఏడాదిలోనే మారిపోతుంది కాబట్టి, పెరుగుతారులే అని ఒక సైజు పెద్దవి కొంటే మిగిలేది ముడతలే. సాక్స్ అంచు షూ అంచు కంటే పైకి ఉండాలి. షూలో దాగిపోయే పొట్టి సాక్సులు చూడ్డానికి బాగుంటాయి, నాలుగు రౌండ్లకే మడమ కిందికి దిగిపోతాయి.

కొనేముందు ఇంకొక్క పని. సాక్స్‌ను తిరగేసి, వేళ్ళ దగ్గరి కుట్టు మీద వేలితో రాసి చూడండి. తాడులా ఉబ్బెత్తుగా తగిలితే ఆ జత వద్దు. అడుగున టవల్ బట్టలా మెత్తగా ఉన్నవి హాయిగా ఉంటాయి, కానీ మందం వల్ల షూ బిగుతవుతుంది. అందుకే షూ కొనడానికి వెళ్ళినప్పుడు పరుగుకు వేసుకునే సాక్సులనే తీసుకెళ్ళండి.

అమెరికాలో యూసీఎల్ఏ బాస్కెట్‌బాల్ జట్టుకు 1964 నుంచి 1975 మధ్య 12 ఏళ్ళలో 10 జాతీయ టైటిళ్ళు తెచ్చిపెట్టిన కోచ్ జాన్ వుడెన్, సీజన్ మొదట్లో ఆటగాళ్ళకు నేర్పిన పాఠం సాక్స్ వేసుకోవడం. మడమ దగ్గర, వేళ్ళ దగ్గర ముడత లేకుండా చేత్తో సవరించుకున్నాకే షూ లేసులు కట్టాలి. అంతంత పొడుగు ఆటగాళ్ళకే చెప్పాల్సి వచ్చిందంటే, స్కూల్ బస్ హారన్ వినిపిస్తుండగా సాక్స్ లాక్కునే మన పిల్లల సంగతి వేరే చెప్పాలా? ప్రాక్టీస్ ఉన్న రోజు ఒక్క నిమిషం పక్కన నిలబడి చూడండి.

ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడకండి. అది చెమటను బయటికి పంపే గుణాన్ని తగ్గిస్తుంది. నిన్నటి జతను ఉతక్కుండా మళ్ళీ వేస్తే వేళ్ళ సందుల్లో ఫంగస్ చేరుతుంది.

ఇంత చేసినా బొబ్బ వస్తే సూదితో పొడవకండి. పైనున్న చర్మమే దానికి కట్టు. శుభ్రంగా కడిగి, మెత్తటి ప్లాస్టర్ వేసి, రెండు మూడు రోజులు పరుగు ఆపించండి. చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా డాక్టర్‌కు చూపించాలి. షుగర్ ఉన్న పిల్లలైతే చిన్న బొబ్బకైనా ఆగకండి.

స్పోర్ట్స్ డే నాడు వేయించేవి ముందే నాలుగైదు ప్రాక్టీసుల్లో వాడినవై ఉండాలి. కొత్త ప్యాకెట్ ఆ రోజు పొద్దున విప్పకండి. బ్యాగ్‌లో ఇంకో పొడి జత పెట్టి పంపితే, రిలేకు ముందు మార్చుకోమని మేమే గుర్తుచేస్తాం.